చెరువు గట్టు ఎక్కగలరా? గుండె జబ్బు తర్వాతి బతుకును ముందే లెక్కగట్టడం

గుండెపోటు వచ్చిన మనిషిని కాకినాడకో రాజమండ్రికో భీమవరానికో తీసుకెళ్తారు. స్టెంటు వేస్తారు, కొద్ది రోజులకు డిశ్చార్జి చేస్తారు. కాగితాలు చేతిలో పెట్టేటప్పుడు ఇంటివాళ్లు డాక్టర్ని అడిగే మాట దాదాపు ఒకటే: "ఇంకేం ఫర్వాలేదు కదండీ?" డాక్టరు దాన్ని ప్రాణానికి సంబంధించిన ప్రశ్నగా తీసుకుంటారు. ముప్పు తప్పిందని, మందులు మానొద్దని, మళ్లీ ఎకో తీయించాలని చెబుతారు. అడిగినవాళ్ల మనసులో మాత్రం ఇంకా చాలా ఉంటుంది. నాన్న మళ్లీ రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకి వెళ్లగలడా? అమ్మ రేవు మెట్లెక్కి రాగలదా? వాళ్లని ఒంటరిగా వదిలి పెళ్లికి వెళ్తే టెన్షన్ లేకుండా ఉండగలమా?

ఈ రెండో రకం ప్రశ్నలకు వైద్యంలో జీవన నాణ్యత అని పేరు. దాన్ని కొలవొచ్చు. ఆరు నెలలకో ఏడాదికో అది ఎలా ఉంటుందన్నది గణాంక పద్ధతులతో కొంతవరకు ముందే లెక్కగట్టొచ్చు కూడా. ఆ లెక్కకు ఎకో రిపోర్టు కంటే, మొదటి రోజు రోగిని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగిన నాలుగు ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి. ఓపీ రద్దీలో అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేవి కూడా ఆ ప్రశ్నలే.

గోదావరి డెల్టాకు ఈ విషయం కొత్తగా వచ్చిందేమీ కాదు. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరుతో జరిగిన పని అది. మొత్తం 1,354 మరణాలు. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటురోగాల వాటా 12 శాతం. గుండె జబ్బు పట్నం జబ్బు అన్న నమ్మకాన్ని ఆ అంకెలు చెరిపేశాయి. అయితే అది చావుల లెక్క. గుండె దెబ్బతిని బతికున్నవాళ్లు ఎలా బతుకుతున్నారన్నది ఇంకో లెక్క, దానికి పనిముట్లు వేరు.

అన్నిటికన్నా పాత పనిముట్టు 1928లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన నాలుగు తరగతులు. మామూలు పనులకు ఆయాసం లేకపోతే ఒకటో తరగతి, ఊరికే కూర్చున్నా ఆయాసమైతే నాలుగో తరగతి. డాక్టరు చూసి వేసే అంచనా కాబట్టి ఒకే రోగిని ఒకరు రెండో తరగతి అంటే ఇంకొకరు మూడో తరగతి అనొచ్చు. తర్వాత రోగినే నేరుగా అడిగే ప్రశ్నావళులు వచ్చాయి. మిన్నెసోటా ప్రశ్నావళిలో 21 ప్రశ్నలు ఉంటాయి. స్కోరు 0 నుంచి 105 దాకా, పెరిగేకొద్దీ పరిస్థితి బాగాలేనట్టు. కాన్సాస్ సిటీ కార్డియోమయోపతీ ప్రశ్నావళిలో 23 ప్రశ్నలు. స్కోరు 0 నుంచి 100, పెరిగేకొద్దీ మంచిది. దీనికే 12 ప్రశ్నల చిన్న రూపం కూడా ఉంది. ఇందులో 5 పాయింట్ల మార్పు వస్తే రోగికి తెలిసేంత తేడా అని, 20 పాయింట్లంటే చాలా పెద్ద మార్పని వాడేవాళ్ల లెక్క.

ఇవి పుట్టిన నేల వేరు. కాన్సాస్ ప్రశ్నావళి, ఆగకుండా ఒక అంతస్తు మెట్లెక్కగలరా అని అడుగుతుంది. ఎన్నో జబ్బుల్లో వాడే ఎస్‌ఎఫ్-36 అనే ప్రశ్నావళి అసలు రూపంలో వాక్యూమ్ క్లీనర్ తొయ్యడం, గోల్ఫ్ ఆడటం లాంటి పనులు ఉదాహరణగా ఉంటాయి. కోనసీమ లంకలో పెంకుటింట్లో ఉండే మనిషికి అంతస్తు మెట్లు రోజువారీ సంగతి కావు. నేల చదును, కొండలు లేవు. ఆయన గుండెకు పరీక్ష పెట్టేవి వేరే ఉన్నాయి: ఏటిగట్టు ఎక్కి దిగడం, ఇసుకలో రేవు దాకా నడక, పడవలోంచి ఒడ్డుకి అడుగేయడం, కొబ్బరికాయల గోనె ఎత్తి భుజానికి వేసుకోవడం, దాళ్వా (రబీ వరి) చేలో బురదలో కాలు లాక్కుంటూ నడవడం. ఆడవాళ్లకైతే బిందె, కట్టెల మోపు, పశువుల కొట్టం శుభ్రం చేయడం, కింద గొంతుక్కూచుని చేసే ప్రతి పనీ. ప్రశ్నలోని మాటను తెలుగు చేస్తే సరిపోదు, పనిని మార్చాలి. మార్చిన ప్రశ్న కూడా పాత ప్రశ్న కొలిచినంత బరువునే కొలుస్తోందా అని మళ్లీ సరిచూడాలి. ఈ సరిచూడటం విసుగు పుట్టించే పని. కానీ దీన్ని వదిలేస్తే తర్వాత వేసే లెక్కలన్నీ ఇసుక మీద కట్టిన గోడలే.

అడిగే తీరులోనూ చాలా ఉంది. ఇలాంటి సంభాషణ డెల్టాలో ఏ ఊళ్లోనైనా వినిపించేదే. ఆశా కార్యకర్త అరుగు మీద కూర్చుని ఫారం తీస్తుంది.

"బాబాయిగారూ, ఈ రెండు వారాల్లో నడిస్తే ఆయాసం వచ్చిందాండీ?"

"లేదమ్మా, బానే ఉన్నాను."

'ఎప్పుడూ లేదు' అన్న గడిలో టిక్కు పడబోతుంది. గుమ్మంలో చేటతో బియ్యం ఏరుకుంటున్న ఆయన భార్య తలెత్తకుండానే అందుకుంటుంది. "నడిస్తే కదమ్మా రావడానికి! సంక్రాంతి వెళ్లాక చెరువు గట్టు ఎక్కితే ఒట్టు. మేతకి కూడా కుర్రాణ్ణే పంపుతున్నారు."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయాసం తెప్పించే పనులన్నీ ఒక్కొక్కటే మానేశాడు, ఆయాసం నిజంగానే రావడం లేదు. కాన్సాస్ ప్రశ్నావళిలో నడక, మెట్లు లాంటి పనుల దగ్గర 'వేరే కారణం వల్ల చేయలేదు' అని ఇంకో గడి కూడా ఉంటుంది. ఆ గడిలో టిక్కు పెడితే ఆ జవాబు లెక్కలోకే రాదు. జబ్బుకు భయపడి మానేశాడా, వేరే కారణంతో మానేశాడా అన్నది తేల్చుకోకుండా ఏ గడి నింపినా స్కోరు తప్పే. ఇంకో సంగతి, జబ్బుతో సర్దుకుపోయిన మనిషికి 'బాగుండటం' అనే మాటకు అర్థమే మారిపోతుంది. ఏడాది కిందట పదెకరాలు తిరిగితే బాగున్నట్టు. ఇప్పుడు వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లొస్తే బాగున్నట్టు. స్కోరు అదే, కొలబద్ద మారింది. గణాంక నిపుణులు దీన్ని ఒక ప్రత్యేకమైన దోషంగా గుర్తించి, విడిగా లెక్కలోకి తీసుకుంటారు.

కొలత కుదిరాక ముందస్తు లెక్క. ఇక్కడ చాలామంది చూపు మొదట పడేది ఎకోలోని ఈఎఫ్ అంకె మీదే. గుండె ఎడమ జఠరికలో (కింది గదిలో) నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి వెళ్తోందో అది చెబుతుంది. మామూలుగా 55 నుంచి 70 మధ్య ఉంటుంది, 40కి తగ్గితే గుండె బలహీనపడినట్టు. ప్రాణానికి ఎంత ముప్పుందో, ఏ మందులివ్వాలో తేల్చడానికి అది చాలా అవసరం. జీవన నాణ్యత దగ్గరికొచ్చేసరికి దాని బలం తగ్గిపోతుంది. ఈఎఫ్‌కీ రోగి చెప్పే స్కోరుకీ మధ్య సంబంధం బలహీనంగా ఉన్నట్టు ఎన్నో అధ్యయనాల్లో తేలింది. 30 ఉన్నవాళ్లు సైకిలు మీద సంతకి వెళ్లొస్తుంటారు, 60 ఉండీ మంచం దిగలేనివాళ్లూ ఉంటారు. రేపటి స్కోరును అన్నిటికన్నా గట్టిగా పట్టిచ్చేది ఇవాళ్టి స్కోరే. దాని తర్వాత దిగులు, ఆయాసం, ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం, షుగరు, ఊపిరితిత్తుల జబ్బు లాంటి తోడు జబ్బులు, చేతిలో డబ్బు ఆడకపోవడం, ఇంట్లో మనిషి తోడు లేకపోవడం.

లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి ఒక బొమ్మ సమీకరణం చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణకు పెట్టినవి, ఏ అధ్యయనంలోవీ కావు. స్కోరు అంటే కాన్సాస్ స్కోరు, పెరిగేకొద్దీ మంచిది.

ఆరు నెలల తర్వాతి స్కోరు = 30 + (0.6 × ఇవాళ్టి స్కోరు) − (1 × దిగులు స్కోరు)

దిగులు స్కోరు అంటే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారంలో వచ్చేది. 0 నుంచి 27 దాకా ఉంటుంది. ఇద్దరు రోగులు, ఇద్దరికీ ఇవాళ్టి స్కోరు 50. ఒకరి దిగులు 4, ఇంకొకరిది 14. మొదటివారికి 30 + 30 − 4 = 56. రెండోవారికి 46. ఒకే ఈఎఫ్, ఒకే స్టెంటు, ఒకే మందుల చీటీ ఉన్నా పది పాయింట్ల తేడా. ఆ పది పాయింట్లంటే మనిషికి స్పష్టంగా తెలిసేంత. రిగ్రెషన్ అనే పద్ధతి చేసే పని ఇదే. వందల మంది వివరాల్లోంచి ఏ అంశానికి ఎంత బరువివ్వాలో వెలికి తీస్తుంది.

అంతా బాగుందనిపించే ఈ చోటే జాగ్రత్త కావాలి. ఈ సమీకరణం చెప్పే 56 చుట్టూ అసలు స్కోర్లు చెల్లాచెదురుగా ఉంటాయి. అంచనాకి అసలు స్కోర్లు మామూలుగా ఎంత దూరంలో పడతాయో చెప్పే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. ఇక్కడ అది 13 అనుకుందాం. అప్పుడు ఒక్క మనిషి విషయంలో మనం నమ్మకంగా చెప్పగలిగేది 56కి దాని రెండింతలు, 26, అటూ ఇటూ, అంటే 30 నుంచి 82 దాకా. 30 అంటే మంచం, 82 అంటే చేను! అదే లెక్కను ఒకేలాంటి 200 మంది సగటుకు వేస్తే 13ను 200 వర్గమూలంతో భాగిస్తాం. 0.9 వస్తుంది. అప్పుడు అటూ ఇటూ రెండు పాయింట్లకు మించదు. కాబట్టి ఒక ఆసుపత్రి రాబోయే ఏడాదికి ఎంతమందికి ఫిజియోథెరపీ, ఎంతమందికి కౌన్సెలింగ్ కావాలో ఈ లెక్కతో ధైర్యంగా ప్లాన్ చేసుకోవచ్చు. "మీ నాన్నగారు ఆరు నెలల్లో 56కి వస్తారు" అని ఒక కొడుక్కి చెప్పడం మాత్రం తప్పు. ఆయనకి చెప్పాల్సింది ఆ వెడల్పంతా.

దిగులుకు బరువుందని తేలగానే, దిగులు మందిస్తే పది పాయింట్లు పెరుగుతాయనుకోవడం సహజం. గుండె బలహీనతతో పాటు డిప్రెషన్ ఉన్న 469 మందికి 12 వారాలు సెర్ట్రలిన్ అనే దిగులు మందో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి పోల్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకీ అసలు మందు తీసుకున్నవాళ్లకీ దిగులు దాదాపు సమానంగానే తగ్గింది. దిగులు రేపటి కష్టానికి గుర్తు కావొచ్చు. ఆ ఒక్క మాత్రతో దాన్ని లాగి పారేయగలమని మాత్రం సమీకరణం హామీ ఇవ్వదు. ముందుగా చెప్పగలిగే అంశం వేరు, మార్చగలిగే కారణం వేరు. రెండోది తెలియాలంటే ట్రయల్ చేయాల్సిందే.

ఉత్తుత్తి మాత్రతో కూడా ఎందుకు తగ్గింది? పలకరింపు, శ్రద్ధ కొంత. మిగతా కొంత 1886లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు పోల్చి చూపించిన సంగతి. బాగా ఎత్తయినవాళ్ల పిల్లలు సగటు వైపు జరుగుతారు, పొట్టివాళ్ల పిల్లలూ అంతే. మన బొమ్మ సమీకరణంలోనూ అదే ఉంది. దిగులు 4 ఉన్న మనిషికి ఇవాళ 20 అయితే ఆరు నెలలకు 38, ఇవాళ 90 అయితే 80. మనిషి ఆసుపత్రికి పరుగెత్తేది బాగా కుంగినప్పుడే. కాబట్టి తర్వాత ఏం చేసినా చేయకపోయినా సగటున కొంత తేరుకుంటాడు. ఆ తేరుకోవడాన్ని ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు ఖాతాలో వేసి గుండె మాత్రలు మానేసేవాళ్లున్నారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. పోల్చడానికి వేరే గుంపు లేకుండా 'ముందు, తర్వాత' మాత్రమే చూపించే ఏ లెక్కనైనా, అది పెద్దాసుపత్రి ప్రకటనలో ఉన్నా సరే, ఈ అనుమానంతోనే చదవాలి.

ముందస్తు లెక్క నిజంగా ఎక్కడ పనికొస్తుందో చూపించింది 2020లో వెలువడిన ఇస్కీమియా ట్రయల్. 37 దేశాలు, 5,179 మంది. గుండెపోటు వచ్చి అత్యవసరంగా చేరినవాళ్లు కారు, రక్తనాళాల్లో అడ్డంకులుండి నిలకడగా ఉన్నవాళ్లు. మందులతో పాటు స్టెంటో బైపాసో చేసినవాళ్లకీ, ముందు మందులతోనే సరిపెట్టినవాళ్లకీ మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జీవన నాణ్యతలో తేడా వచ్చింది, అదీ అందరికీ కాదు. ఛాతీ నొప్పికి వాడే వేరే ప్రశ్నావళిలో (అదీ 0 నుంచి 100), రోజూనో వారంవారమో నొప్పి ఉన్నవాళ్లకి మూడు నెలలకు 8.5 పాయింట్ల లాభం. మొదట్లో నొప్పే లేనివాళ్లకి 0.1. అంటే మొదటి రోజు "నొప్పి ఎన్నిసార్లు వస్తోందండీ?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే, ఆ స్టెంటు ఈ మనిషి రోజువారీ బతుకును మారుస్తుందా లేదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. భూమి తాకట్టు పెట్టే ముందు ఒక కుటుంబానికి ఇంతకంటే అవసరమైన సమాచారం ఉంటుందా?

ఇక చనిపోయినవాళ్ల సంగతి. ఏడాది తర్వాత స్కోరు అడగడానికి వాళ్లు ఉండరు. వాళ్లని పక్కనపెట్టి మిగిలినవాళ్లతోనే సమీకరణం కడితే, బాగా జబ్బుపడ్డవాళ్లకి కూడా మంచి భవిష్యత్తు ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే లెక్కలో మిగిలింది గట్టివాళ్లే. తొడ దగ్గరి రక్తనాళం గుండా గుండె కవాటం మార్చే పద్ధతిలో, ముందస్తు లెక్క కట్టినవాళ్లు దీనికి ఒక నిజాయితీ గల దారి వెతికారు. ఆరు నెలల్లో చనిపోయినా, కాన్సాస్ స్కోరు 45 లోపు ఉన్నా, మొదటి కంటే 10 పాయింట్లు పడిపోయినా, మూడింటినీ కలిపి 'మంచి ఫలితం కాదు' అని ఒకే గంపలో వేశారు. ప్రాణం నిలిచిందా అన్న ప్రశ్నను, బతుకు నిలిచిందా అన్న ప్రశ్ననుంచి విడదీయలేదు. డెల్టాలో చేసే ఏ అధ్యయనానికైనా ఈ పద్ధతే మంచిది.

స్థానికంగా సమీకరణం కట్టేటప్పుడు ఇంకో ఆశ లాగుతుంది. రోగులు 150 మంది, ఫారంలో నలభై అంశాలు. కంప్యూటరులో అన్నీ పోసి, బాగా అతికినవి ఉంచుకుని, మిగతావి తీసేయడం. ఇది ఒక్క మడిలో ఒక్క దాళ్వా దిగుబడి చూసి జిల్లా అంతటికీ విత్తనం ఖాయం చేసినట్టు. ఆ మడిలో ఆ ఏడాది నీరు బాగా అందింది, అంతే. మంచి, చెడు అని రెండు ముక్కలుగా ఫలితం చూసే లెక్కలో, ఒక్కో అంశానికి కనీసం పది చెడు ఫలితాలైనా ఉండాలని పాత బండగుర్తు. 150 మందిలో 40 మందికి చెడు ఫలితం వస్తే నాలుగు అంశాలకు మించకూడదు. ఏ నాలుగో ముందే, వైద్య జ్ఞానంతో ఎంచుకోవాలి. ఇవాళ్టి స్కోరు, దిగులు, కిందటి నెలలో మాత్రలు లేకుండా గడిచిన రోజులు, ఇంట్లో తోడు ఉందా లేదా. ఈ నాలుగూ మంచి ఎంపిక. మూడోది ప్రత్యేకంగా డెల్టాకు అవసరం. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉండి, మందులు తెచ్చే మనిషి లేక మాత్రలు ఆగిన ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు. ఆవకాయ, ఉప్పుచేప ఎంత తింటున్నారన్నదీ ముఖ్యమే. అయితే ఎంతో సరిగ్గా చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి ఆ అంశం సమీకరణం కంటే సలహాలోనే ఎక్కువ పనిచేస్తుంది.

బయట కట్టిన సమీకరణాన్ని తెచ్చి వాడటం తప్పేమీ కాదు, సరిచూసి వాడాలి. అమెరికాలో కట్టిన లెక్క 60 అని చెప్పిన రోగులందరినీ ఒకచోట చేర్చి, వాళ్లకి ఇక్కడ నిజంగా సగటున ఎంత వచ్చిందో చూడాలి. 60కి బదులు 50 వస్తుంటే, ఎవరు ముందో ఎవరు వెనకో ఆ వరస సరిగ్గానే ఉండి, మొత్తం అంకె మాత్రం పది పైకి ఎక్కి ఉండొచ్చు. అప్పుడు సమీకరణాన్ని పారేయక్కర్లేదు, మొదటి అంకెను దించితే చాలు. ధాన్యం కాటా రాయి సరిచూసుకోవడం లాంటిదే ఈ పని.

అన్నిటికన్నా కష్టం మళ్లీ వచ్చి జవాబు చెప్పనివాళ్లతో. ఆరు నెలల తర్వాత ఫాలోఅప్‌కి రానివాళ్లలో బాగైపోయి వలస వెళ్లినవాళ్లుంటారు, మరీ కుంగిపోయి రాలేనివాళ్లూ ఉంటారు. ఖాళీ గడులను పూరించడానికి గణాంక శాస్త్రవేత్త డోనాల్డ్ రూబిన్ రూపొందించిన పద్ధతి ఒకటుంది. మిగతా వివరాల ఆధారంగా ఒక్కో ఖాళీకి పలుమార్లు వేర్వేరు అంచనాలు వేసి, అన్నిటినీ కలిపి చూస్తారు. మనిషి ఎందుకు రాలేదో తెలిపే వివరం చేతిలో ఉంటే అది బాగా పనిచేస్తుంది, లేకపోతే పని చేయదు. ఫిబ్రవరిలో చేరిన రోగుల ఆరు నెలల ఫాలోఅప్ ఆగస్టులో పడుతుంది, సరిగ్గా గోదావరి పొంగే రోజుల్లో. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోంచి జనం పడవల మీద గట్టుకు చేరారు. అలాంటి వారంలో తీసుకున్న స్కోరు గుండెనీ వరదనీ కలిపి కొలుస్తుంది. తీసుకోకపోతే లంక గ్రామాలే లెక్కలోంచి మాయమైపోతాయి. అందుకే రోగిని చేర్చుకున్న రోజే రిజిస్టరులో ఫోన్ నంబరు పక్కన ఇంకో గడి పెట్టాలి. ఏరు పొంగినప్పుడు వీళ్లు ఏ ఊళ్లో ఎవరింటికి వెళ్తారో అందులో రాసుకోవాలి.